షేర్ ఖాన్ వెళ్లిపోయిన బుధవారం

2013 అక్టోబరు 9, బుధవారం. ఆ రోజు పిడుగురాళ్లలో కరెంటు లేదు. తెలంగాణ ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుని ఇంకా వారం తిరగలేదు. అందుకు నిరసనగా సీమాంధ్ర విద్యుత్ ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు. ఆర్టీసీ బస్సులు దాదాపు రెండు నెలలుగా డిపోలు దాటి రాలేదు. టీవీలు మూగబోయిన ఆ పూట, నటుడు శ్రీహరి ముంబయి ఆసుపత్రిలో పోయాడన్న కబురు మా ఊరికి సెల్‌ఫోన్ల మీద వచ్చింది, అదీ చార్జింగు అడుగంటిన ఫోన్ల మీద. "ఎవరు, మన 'మగధీర' షేర్ ఖానా?" అని ఒకడు. "ఊరుకోరా, ఆ మనిషికేంటి, బండరాయి లాగా ఉంటాడు గదా" అని ఇంకొకడు. నెల కిందటే ఆయన సినిమా 'తుఫాన్' విడుదలైంది. వయసు నలభై తొమ్మిది. గుండెపోటేమో అనుకున్నారు ముందు. కాదంట, కాలేయమంట అని తెలిశాక ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. కండ ఉన్నవాడికి లోపల కూడా కండే ఉంటుందని అందరం నమ్ముతాం గామోసు.

ఆయనకూ మా ఊరికీ చుట్టరికం లేదు. పుట్టింది కృష్ణా జిల్లా ఎలమర్రులో, పెరిగింది హైదరాబాదు బాలానగర్‌లో. అయినా మా పల్నాడులో ఆయన పేరు చెబితే వేరే లెక్క. సున్నం బట్టీలు, సున్నపురాయి క్వారీలు, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పత్తి మిల్లులు, మిరప టిక్కీలు ఎత్తే లారీలు. ఇక్కడ పొట్ట గడవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. వీపు మీద యాభై కిలోల బస్తా పెట్టుకుని బల్లచెక్క ఎక్కేవాడికి తెరమీద సన్నగా నాజూగ్గా ఉన్న హీరో పదిమందిని గాల్లోకి లేపుతుంటే నవ్వొస్తుంది, ఈలా వేస్తాడు. కానీ నమ్మడు. శ్రీహరి కొడితే నమ్మాడు. ఆ భుజాలు చూసి, వీడు మన ముఠాలో చేరితే రెండు బస్తాలు ఒకేసారి వేసుకుంటాడని లెక్కగట్టాడు. ఒక నటుడికి పల్నాడు హమాలీ ఇవ్వగల పెద్ద బిరుదు అదే.

ఈ ప్రాంతానికి బలవంతుడంటే పిచ్చి. సంక్రాంతికీ తిరునాళ్లకీ ఎడ్లకు బండలాగుడు పోటీలు, కుర్రాళ్లకు గుండు ఎత్తే పందేలు. మాకు దగ్గర్లోనే కారెంపూడి. కార్తీకమాసంలో అక్కడ అయిదు రోజులు పల్నాటి యుద్ధ వీరులకు కొలుపు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. గెలిచిన వాళ్లకు కాదండీ ఆ పూజ, కూలిపోయిన వాళ్లకు. వీరుల ఆయుధాలను బయటికి తీసి కడిగి ఊరేగిస్తారు. శ్రీహరి తెలుగులో తొలిరోజుల్లో నటించిన ఒక సినిమాకు కూడా ఆ వీరుల నాయకుడి పేరే, 'బ్రహ్మనాయుడు'. 1987 నాటిది. అందులో ఆయన్ని గుర్తుపట్టిన వాళ్లు ఎవరూ లేరు. గుర్తుపట్టాల్సిన వేషమూ కాదు.

1964 ఆగస్టు 15న పుట్టాడు. కృష్ణా డెల్టా నుంచి కుటుంబం బాలానగర్ చేరింది. ఐడీపీఎల్ లాంటి ఫ్యాక్టరీల మధ్య, షిఫ్టు సైరన్ల మధ్య పెరిగిన పేట అది. అక్కడి కుర్రాడు ముందు పట్టుకున్నది బరువులను కాదు, జిమ్నాస్టిక్స్‌ని. రాష్ట్రస్థాయి దాకా వెళ్లాడు. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు గానీ, ఆయన నడకను ఎప్పుడైనా జాగ్రత్తగా చూడండి. అంత దిట్టమైన మనిషి పాదం నేలకు బరువుగా ఆనదు. కండలు పెంచినవాళ్లు చాలామంది చంకల్లో ఏదో ఇరికించుకున్నట్టు చేతులు దూరంగా పెట్టుకుని నడుస్తారు. శ్రీహరి అలా నడవలేదు. గాల్లో పల్టీ కొట్టి రెండు కాళ్ల మీద నిలబడటం ముందు నేర్చుకున్నవాడి ఒళ్లు అది. ఆ తర్వాత దేహదారుఢ్య పోటీలు. మిస్టర్ హైదరాబాద్ టైటిల్, ఒకసారి కాదు, ఏడుసార్లు. తాలింఖానాల్లో పహిల్వాన్లు మట్టి పూసుకుని పట్లు పట్టే నగరంలో ఏడుసార్లు నిలబడి గెలవటం చిన్న విషయం కాదు.

ఆ వేదిక గురించి ఒక మాట చెప్పాలి. బయటివాళ్లకు తెలియనిది. పోటీ రోజున దేహదారుఢ్య వీరుడు మిలమిలా మెరుస్తూ రెండు చేతులూ మడిచి కండ చూపిస్తాడే, ఏడాది మొత్తంలో అతను అత్యంత బలహీనంగా ఉండేది సరిగ్గా అప్పుడే. నెలల తరబడి అన్నం తగ్గించి, కొవ్వు కరిగించి, చివరి రోజుల్లో ఉప్పు మానేసి, నీళ్లు కూడా లెక్కపెట్టి తాగి, చర్మం కాగితంలా కండకు అంటుకునేదాకా ఒంటిని ఎండగడతారు. నరాలు తేలి కనపడాలి గదా. నూనె రాసుకుని దీపాల కింద నిలబడ్డప్పుడు నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చి, ముఖాన నవ్వు పులుముకోవాలి. పిక్కలు పట్టేస్తే కూడా నవ్వాలి. జనం చప్పట్లు కొట్టేది బలానికి కాదు, బలం ఉన్నట్టు కనపడటానికి. నటనలో మొదటి పాఠం శ్రీహరికి అక్కడే అయిపోయిందని నా అనుమానం.

పోలీసు శాఖలో ఎస్సై కొలువు చేతిదాకా వచ్చింది, రైల్వే ఉద్యోగమూ వచ్చింది. రెండూ కాదనుకున్నాడు. ఎనభైల్లో ఒక మధ్యతరగతి ఇంటి కుర్రాడు సర్కారు కొలువు వద్దన్నాడంటే ఇంట్లో ఏం జరిగి ఉంటుందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. వదులుకున్న ఖాకీ చొక్కానే పన్నెండేళ్ల తర్వాత తెరమీద తొడుక్కుని హీరో అయ్యాడు.

బలవంతుల్ని సినిమా ఏం చేస్తుందో అప్పటికే మనకు తెలుసు. శ్రీహరి జిల్లావాడే దండమూడి రాజగోపాలరావు. గండిగుంట మనిషి, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున బరువులెత్తిన వాడు, 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పతకం తెచ్చినవాడు. విజయవాడలో ఇండోర్ స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. కానీ తెలుగువాళ్లకు ఆయన 1963 నాటి 'నర్తనశాల'లో భీముడు. కీచకుడిగా ఎస్వీ రంగారావు విశ్వరూపం చూపిస్తుంటే ఎదురుగా ఆనగలిగే భీముడు కావాలి గనక ఒక నిజమైన వస్తాదుని తెచ్చారు. పాతికేళ్ల తర్వాత దూరదర్శన్‌లో 'మహాభారత్' వచ్చినప్పుడూ అదే జరిగింది. డిస్కస్ త్రోలో రెండుసార్లు ఆసియా స్వర్ణం గెలిచిన ప్రవీణ్ కుమార్ సోబ్తీని భీముణ్ణి చేశారు. ఆదివారం పొద్దున్నే ఊరంతా టీవీ ముందు కూర్చుని ఆయన గద చూసింది. చివరి దశలో ఆయన పింఛను కోసం బహిరంగంగా అడగాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో పోయారు. బలం ఉన్నవాడికి మన తెర రెండే వేషాలు దాచిపెట్టింది. పురాణమైతే భీముడు, సాంఘికమైతే విలన్ వెనకాల నిలబడేవాడు. పురాణాలు తీయటం మానేశారు. శ్రీహరి వచ్చేసరికి మిగిలింది రెండోదే.

వెనకాల నిలబడేవాడి పని ఏమిటంటే, పడటం. హీరో చెయ్యి చెంపకు జానెడు దూరంలో ఆగుతుంది. దెబ్బ తగిలినట్టు చూపించాల్సింది తినేవాడు. మెడ తిప్పాలి, నడుం విరవాలి, వెనక్కి ఎగిరి అట్టపెట్టెల గుట్ట మీదో బల్లల మీదో పడాలి. టేకు బాగా రాకపోతే మళ్లీ పడాలి. పడటం రానివాడి ముందు ఎంత పెద్ద హీరో అయినా వెలవెలబోతాడు. జిమ్నాస్ట్ ఒళ్లు గనక శ్రీహరికి ఈ విద్య తేలిగ్గా పట్టుబడింది. ఏడుసార్లు నగర చాంపియన్, తనలో సగం లేని హీరోల చేతుల్లో ఏళ్ల తరబడి తన్నులు తిన్నాడు. 1995లో వచ్చిన 'తాజ్‌మహల్' నాటికి జనం పేరు పెట్టి గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఒక మాట చెప్పి కొట్టించుకునే స్థాయి అది. అంతకుముందు మాట లేకుండానే కొట్టించుకునేవాడు.

తొంభైల చివర్లో లెక్క మారింది. 1996లో సాయికుమార్ 'పోలీస్ స్టోరీ' కన్నడం నుంచి వచ్చి మన ఊళ్లను ఊపేశాక, ఖాకీ చొక్కా తొడిగి గట్టిగా అరవగలిగిన ప్రతివాడి వైపూ నిర్మాతలు చూశారు. 1999లో 'పోలీస్'తో శ్రీహరి హీరో అయ్యాడు. ఆ వెంటనే 'సాంబయ్య', 'గణపతి', 'అయోధ్య రామయ్య'. పేర్లు చూడండి. ఫారిన్ పాటల సినిమా పేర్లు కావు, మన వీధిలో మనుషుల పేర్లు. ఆయన పేరు ముందు 'రియల్ స్టార్' వచ్చి చేరింది. బిరుదులు ఎవరికి ఎవరు ఇస్తారో సినిమా వాళ్లకే తెలియదు గానీ, ఇది మాత్రం ఎవరో కాస్త ఆలోచించే పెట్టారు. తాడు కట్టకుండా, డూపు లేకుండా కొట్టేవాడన్న అర్థంలో.

ఈ సినిమాల ఆర్థికం వేరు. తక్కువ ఖర్చుతో, తొందరగా తీసేవారు. పెద్ద పట్నాల్లో ఏసీ హాళ్లను నమ్ముకుని కాదు, బి, సి సెంటర్లను నమ్ముకుని. అంటే పిడుగురాళ్ల, మాచర్ల, వినుకొండ, మార్కాపురం, దర్శి లాంటి ఊళ్లను. మిరపకాయ అమ్మిన డబ్బు చేతిలో ఉన్న నెలల్లో సినిమా పడితే ఆడుతుంది. తెగులు తగిలిన ఏడు రజనీకాంత్‌ది పడినా తేలిపోతుంది. బెంచీ క్లాసులో సున్నం దుమ్ము జుట్టుతోనే వచ్చి కూర్చునేవాళ్లు. మాటినీకి బట్టీ పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లు, ఫస్ట్ షోకి మిల్లులోవాళ్లు. తెరమీద పడ్డ పంచ్‌కి ముందు వరసలో ఎవడో ఒకడు తన భుజం తాను తడుముకునేవాడు.

వీటిలో నిలబడింది 2001 నాటి 'భద్రాచలం'. ఎన్. శంకర్ తీశాడు. పల్లెటూరి కుర్రాడు తైక్వాండోలో పైకొచ్చే కథ. అందులో సుద్దాల అశోక్ తేజ రాసిన పాట మీకు తెలుసు, పేరు చెప్పక్కర్లేదు. ఈనాటికీ స్కూలు ఆటల పోటీల్లో, పోలీసు సెలెక్షన్లకు పరిగెత్తే పిల్లల చెవుల్లో, ఇంటర్ తప్పినవాడి స్టేటస్‌లో అదే మోగుతుంది. పాడే పిల్లల్లో సగంమందికి అది ఏ సినిమాలోదో తెలియదు. ఆ సినిమాలో శ్రీహరి ఆటగాడిగా కనపడినప్పుడు ముఖంలో ఒక వింత సిగ్గు ఉంటుంది. నటించింది కాదది. పతకం కోసం నిజంగా ఎదురుచూసిన మనిషి ముఖం.

తర్వాత ఆ బజారు ఎండిపోయింది. ఒక్కరి తప్పు కాదు. ఏడాదికి నాలుగేసి సినిమాలు ఒకే మూసలో వస్తే ప్రేక్షకుడికి ఇంట్లో భోజనంలా విసుగొస్తుంది. వీసీడీ వచ్చింది. కొత్త సినిమా విడుదలైన వారానికల్లా బస్టాండులో పాతిక రూపాయలకో ముప్పైకో దొరికింది. కేబుల్ వాడు రాత్రిపూట దాన్నే వేశాడు. బి, సి సెంటర్ల హాళ్లు ఒక్కొక్కటే కల్యాణమండపాలయ్యాయి, గోడౌన్లయ్యాయి. శ్రీహరి హీరోగా నిలబడ్డ నేల అదే గనక, అది కుంగితే ఆయనా కుంగాలి. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిదేళ్ల వయసు. హీరో వేషాలు పలచబడ్డాయి. మళ్లీ విలన్ వెనకాలకి వెళ్లలేడు, పెద్ద హీరోల వరసలో కుర్చీ లేదు. చాలామంది కథ ఇక్కడే ఆగిపోతుంది. పేర్లు రాయను, మీకే పది గుర్తొస్తాయి.

2005 జనవరిలో 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' వచ్చింది. ప్రభుదేవాకు దర్శకుడిగా అదే మొదటిది. అందులో శ్రీహరి వేసిన శివరామకృష్ణ ఒక పల్లెటూరి రైతు. తండ్రి వదిలేసి పోయాడు, తల్లి పోయింది, చెల్లెల్ని తానే పెంచాడు. ధనవంతుల పెళ్లింట్లో ఆ అన్నాచెల్లెళ్లను అవమానించి గెంటేసే ఘట్టం ఉంది. అప్పటిదాకా శ్రీహరిని చూసిన కళ్లతో మా ఊళ్లో జనం ఆ సీనుకి ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు లేస్తుంది చెయ్యి అని. లేవలేదు. అంత ఒడ్డు మనిషి భుజాలు కొంచెం ముందుకు వంచి, మెడ దించి, చెల్లెల్ని పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. కొట్టగలవాడు కొట్టకుండా ఊరుకుంటే ఎంత బరువుగా ఉంటుందో తెలుగు తెర మీద ఆ సీనులోనే చూశాను. సన్నటి నటుడు అదే చేస్తే చేతకానితనం అనిపించేది. ఇక్కడ మాత్రం ఆ కండలన్నీ అవమానాన్ని మోయటానికే పెంచినట్టు ఉంది. ఏడు టైటిళ్ల ఒంటికి పద్దెనిమిదేళ్ల తర్వాత దొరికిన అసలు వేషం అది. ఫిల్మ్‌ఫేర్ వాళ్లు ఉత్తమ సహాయనటుడు అవార్డు ఇచ్చారు.

నా మటుకు నేను శ్రీహరి జీవితంలో విషాదం ఆయన చావులో కన్నా ఈ లెక్కలో ఉందనుకుంటాను. 1987 నుంచి 2005 దాకా పద్దెనిమిదేళ్లు ఆ మనిషి చేత పరిశ్రమ కొట్టించింది, లేదా కొట్టించుకుంది. నిలబడి చూడటం ఆయనకు వచ్చని తెలుసుకున్నాక మిగిలింది ఎనిమిదేళ్లు.

ఆ ఎనిమిదేళ్లూ ఆయన ఊరికే పోనివ్వలేదు. 2007లో 'ఢీ'. శంకర్ గౌడ్ అనే రౌడీ పెద్దమనిషి, చెల్లెలంటే ప్రాణం, తన ఇంట్లోనే తన కళ్లు గప్పి జరుగుతున్నదేదీ తెలియదు. దర్శకుడు శ్రీను వైట్ల నవ్వించటానికి చేసిన ఏర్పాటు అంతా ఈ ఒక్క మనిషి నవ్వకపోవటం మీద నిలబడింది. బ్రహ్మానందం ఎదురుగా ఎన్ని విన్యాసాలు చేసినా శ్రీహరి ముఖం చెదరదు. ఇది తెలంగాణ మాండలికంలో మాట్లాడే మనిషి వేషం. అంతకుముందు రెండేళ్ల కింద వేసింది కోస్తా రైతు వేషం. రెండూ ఆయన నోట సొంతంగానే పలికాయి. ఎలమర్రులో పుట్టి బాలానగర్‌లో పెరిగినవాడికి అవి రెండు భాషలు కావు, ఇంటిదీ వీధిదీ. రాష్ట్రం రెండుగా చీలుతున్న వారంలోనే ఆ మనిషి పోవటం గురించి అప్పట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడుకునే స్థితిలో ఎవరూ లేరు.

2009 జూలై 31న 'మగధీర'. నాలుగు వందల ఏళ్ల నాటి కథలో షేర్ ఖాన్. వందమందిని ఒక్కడే నరుకుతున్న హీరో కాలభైరవుణ్ణి ఎదురుగా ఉండి చూసే శత్రువు. అక్కడ దర్శకుడు రాజమౌళి తెలివిగా చేసిన పని ఒకటుంది. రామ్‌చరణ్ అప్పటికి రెండో సినిమా కుర్రాడు. అతను మహావీరుడని మనం నమ్మాలంటే ఎవరో ఒకరు నమ్మి చూపించాలి. ఆ పని శ్రీహరి కళ్లకు అప్పజెప్పాడు. ముందు వెటకారం, తర్వాత ఆశ్చర్యం, తర్వాత దాదాపు భక్తి. ఒకప్పుడు పడి హీరోని హీరో చేసినవాడు ఇప్పుడు చూసి హీరోని హీరో చేశాడు. పని అదే, కూలి పెరిగింది. మరుజన్మలో సోలమన్‌గా వచ్చి ఆ కుర్రాడికి తోడు నిలబడతాడు. మా దగ్గర ఆటోల వెనకాల అద్దాల మీద చాలాకాలం ఇద్దరి బొమ్మా పక్కపక్కనే ఉండేది. ఆ మరుసటేడు 'బృందావనం'.

సినిమాల సంగతి ఇంత రాసి ఇంటి సంగతి రాయకపోతే అన్యాయం. ఆయన భార్య శాంతి, 'డిస్కో శాంతి'గా దక్షిణాది అంతా ఎరిగిన నర్తకి. పెళ్లయ్యాక ఆమె తెర వదిలేసింది. ఇద్దరు కొడుకులు. ఒక కూతురు పుట్టి నాలుగు నెలలకే పోయింది, అక్షర. ఆ పాప పేరు మీద ఫౌండేషన్ పెట్టి మేడ్చల్ చుట్టుపక్కల కొన్ని పల్లెల్ని దత్తత తీసుకున్నాడు. ఫ్లోరైడ్ లేని తాగునీళ్లు, బడిపిల్లలకు పుస్తకాలు. ఫ్లోరైడ్ అంటే ఏమిటో పల్నాడు వాడికి పాఠం చెప్పక్కర్లేదు, మా పక్క ప్రకాశం జిల్లా వాడికి అసలే అక్కర్లేదు. పసుపుపచ్చ గారలు పట్టిన పళ్లు, నలభై దాటకముందే వంగని మోకాళ్లు. ఎంత కసరత్తు చేసినా ఆ నీళ్లు తాగిన ఎముకను నిలబెట్టలేం. ఒంటి మీద బతికిన మనిషి ఎంచుకున్న దానం నీళ్లు కావటం నాకు కాకతాళీయంగా అనిపించదు.

2013లో ముంబయికి వెళ్లింది ప్రభుదేవా పిలిస్తేనే. 'ఆర్... రాజ్‌కుమార్' అనే హిందీ సినిమా. తనకు అసలైన వేషం ఇచ్చిన దర్శకుడి షూటింగులోనే ఒంట్లో బాగాలేదన్నాడు, ఆసుపత్రిలో చేర్చారు. తిరిగి రాలేదు. కాలేయం చాలాకాలంగా దెబ్బతిని ఉందని బయటికి వచ్చింది. ఎందుకు దెబ్బతిన్నదనేదానికి ఆ వారంలో టీకొట్ల దగ్గర నోటికొచ్చిన కారణమల్లా చెప్పుకున్నారు. పోయినవాడు వచ్చి కాదనడని ధైర్యం. వైద్యం సరిగా జరిగిందా లేదా అన్న మాట కూడా వచ్చింది. వాటిలో ఒక్కటీ ఇక్కడ ఎత్తను. తెలిసింది ఒక్కటే. కాలేయం ఓపికగల అవయవం, చాలాభాగం పాడయ్యేదాకా కిక్కురుమనదు. బయట భుజం మీద ఒక అంగుళం తగ్గితే అద్దంలో ఆ పూటే కనిపెట్టే మనిషికి లోపల ఏం జరుగుతోందో చూపించే అద్దం లేదు. 'తుఫాన్'లో పఠాన్ వేషంలో ఉన్నప్పుడు బుగ్గలు కొంచెం లోపలికి పోయాయని ఇప్పుడు చూస్తే తెలుస్తుంది. అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ పాత్ర పేరు కూడా షేర్ ఖానే. హీరో కూడా రామ్‌చరణే.

మర్నాడు హైదరాబాదు తీసుకొచ్చారు. బాచుపల్లిలోని సొంత తోటలో, కూతురు అక్షర సమాధి పక్కనే ఆయన్నీ పెట్టారు. మా ఊళ్లో నుంచి వెళదామనుకున్న వాళ్లు ఉన్నారు. బస్సుల్లేవు. ఇద్దరు ముగ్గురు సిమెంటు లారీ ఎక్కి అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద బయలుదేరారు, వాడపల్లి వంతెన దాటేసరికే అంతా అయిపోయిందని తెలిసి నల్గొండ జిల్లాలో దిగి వెనక్కి వచ్చారు.

బలవంతుల విషయంలో మన జాతికి ఒక మొండి నమ్మకం ఉంది. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడికి చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చిందని చెబితే పిల్లలు నమ్మరు, కథలో ఆ ముక్క దాటేసి ఏనుగు దగ్గరికి వెళతారు. 2025 అక్టోబరు 9న, సరిగ్గా శ్రీహరి పోయిన తేదీనే, పంజాబులో వరీందర్ సింగ్ ఘుమన్ పోయాడు. 2009 మిస్టర్ ఇండియా, 'టైగర్ 3'లో సల్మాన్ ఖాన్ పక్కన కనపడినవాడు. శస్త్రచికిత్సకని ఆసుపత్రికి వెళ్లాడు, గుండె ఆగిపోయింది. నలభై దాటీ దాటని వయసు. ఆ వార్త మా ఊళ్లో జిమ్ముల కుర్రాళ్ల ఫోన్లలో తిరిగింది. ఇప్పుడు పిడుగురాళ్లలో కూడా ఏసీ జిమ్ములు ఉన్నాయి, గోడ నిండా అద్దాలు, బల్ల మీద ప్రొటీన్ డబ్బాలు. బస్తా ఎత్తే వాళ్లెవరూ అక్కడికి రారు. వాళ్లకు డబ్బు కట్టి బరువులెత్తటం ఏమిటో అర్థం కాదు. వచ్చేది ఇంజనీరింగు పిల్లలు, రీల్స్ చేసేవాళ్లు. హైదరాబాదు వెళ్లి సీరియల్లో వేషం కొడతానని చెప్పిన కుర్రాణ్ణి ఈమధ్యే చూశాను. విలన్ పక్కన నిలబడ్డా చాలు అన్నాడు. పడటం నేర్చుకున్నావా అని అడిగితే, నేనెందుకు పడతానండీ అన్నాడు.

'ఆర్... రాజ్‌కుమార్' ఆ డిసెంబరు 6న విడుదలైంది. శ్రీహరి అందులో కనపడతాడు. మా ఊళ్లో అది చూసినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. ఆయన చిన్నకొడుకు మేఘాంశ్ 2019లో 'రాజ్‌దూత్' అనే సినిమాతో హీరోగా వచ్చాడు. ఇక 'ఢీ' సంగతంటారా, ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక చానెల్లో వస్తూనే ఉంటుంది. శంకర్ గౌడ్ తన ఇంట్లోవాళ్ల చేతిలో మళ్లీ మోసపోతాడు, కోపంతో కళ్లెర్ర చేస్తాడు, ఇళ్లల్లో ముసలీ ముతకా పకపకా నవ్వుతారు. "వీడికి తెలివి ఎప్పుడొస్తుందే?" అని మా పెద్దమ్మ ప్రతిసారీ అడుగుతుంది.